అరిగిన నాణెం - చెరిగిన అక్షరాలు

చరిత్ర నుంచి ఉదాహరణలు తెచ్చి సాహిత్యం గురించి మాట్లాడడం మనలో చాలామందికి అలవాటు. ఆ అలవాటు నాకూ ఉంది. ఐతే తెచ్చిన ఉదాహరణను మనం నిజంగా చదివామా, లేక ముందే ఖాయం చేసుకున్న మాటకు దాన్ని సాక్షిగా నిలబెట్టామా అన్న ప్రశ్న కొంతకాలంగా నన్ను వేధిస్తున్నది. ఆ ప్రశ్న పుట్టడానికి కారణం ఒక పాత వెండి నాణెం. దాదాపు మన అర్ధరూపాయి బిళ్ళంత ఉంటుంది. రెండువైపులా బాగా అరిగిపోయింది.

మా ఊళ్ళో రిటైరైన చరిత్ర మాస్టారు ఒకరున్నారు. అధికారమూ అక్షరమూ అనే విషయం మీద నేను కాలేజీలో మాట్లాడబోతున్నానని తెలిసి, ఆయన ఆ నాణేన్ని దూదిలో చుట్టి హోమియో మందుల డబ్బాలో పెట్టి తెచ్చారు. వాళ్ళ నాన్నగారి కాలంలో ఒక కంసాలి దాన్ని కరిగించబోతుంటే, అంతే తూకం వెండి ఇచ్చి తీసుకున్నారట. ఎక్కడ దొరికిందో కంసాలి చెప్పలేదు, వీరూ అడగలేదు. అది రోమన్ నాణెమని మాత్రం మాస్టారు ఎప్పుడో గుర్తుపట్టారు.

నేను దాన్ని అరచేతిలో పెట్టుకుని పావుగంట మాట్లాడాను. ముఖ్యంగా నాలుగు మాటలు చెప్పాను. ఒకటి, ఇది అగస్టస్ చక్రవర్తి నాణెం అన్నాను. రెండు, వెనకవైపు కూర్చున్న స్త్రీ శాంతిదేవత అనీ, ఆమె చేతిలోని ఆలివ్ కొమ్మ చాటున బానిసల చెమట దాగి ఉందనీ అన్నాను. మూడు, చక్రవర్తి చెంప మీద ఉన్న చిన్న గాటును చూపించి, సామ్రాజ్యపు ముఖం మీద మనవాళ్ళు పెట్టిన గాటు ఇదీ అన్నాను. నాలుగు, నాణెం ఇంతగా అరిగిందంటే వేలాది శ్రమజీవుల చేతులే దాన్ని అరగదీశాయన్నాను. చప్పట్లు బాగానే కొట్టారు.

సభ అయ్యాక నాణెం విద్యార్థుల చేతులు మారింది. బి.ఏ. చదివే ఒక అమ్మాయి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, ఆమె చేతిలో కొమ్మ ఏదండీ? నాకు కనపడడం లేదు" అని అడిగింది. నేను తీసుకుని చూశాను. కొమ్మ లేదు. కొమ్మ ఉండవలసిన చోట వెండి నున్నగా ఉంది. ఎప్పుడో ఒక పుస్తకంలో చూసిన బొమ్మ నా బుర్రలో ఉండిపోయి, నా చేత ఆ కొమ్మ ఉన్నట్టు చెప్పించింది. ఆ అమ్మాయికి అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆలస్యంగా ఇస్తున్న ఆ జవాబు.

మాస్టారు నాణేన్ని వారం రోజులు నా దగ్గర ఉంచారు. భూతద్దమూ, పక్కనుంచి పడే దీపపు వెలుతురూ ఉంటే చాలు. అరిగిన నాణేన్ని ఎదురు వెలుతురులో చూస్తే లాభం లేదు. వెలుతురు ఏటవాలుగా పడితే కంటికి ఆనని మిట్టపల్లాలు నీడల్లో తేలుతాయి. శాసనాలు చదివేవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

ముందువైపు, కుడికి తిరిగిన పురుషుడి తల. తలకు ఆకుల దండ ఉన్న జాడ. మెడ వెనక దాని ముడి కొసలు రెండు సన్నగా వేలాడుతున్నాయి. తల చుట్టూ అక్షరాలు. రోమన్ నాణేల మీద బిరుదులన్నీ పొడి అక్షరాలకు కుదించి ఉంటాయి. పదానికీ పదానికీ మధ్య ఎడం అంతగా ఉండదు. 'యు' అక్షరాన్ని కూడా 'వి' లాగే చెక్కుతారు. ఇవన్నీ తెలిసి చదివినా, ఈ వైపు నిక్కచ్చిగా మిగిలినవి నాలుగే అక్షరాలు: డి, ఐ, వి, ఐ. 'డివి' అంటే 'దేవుడైనవాడి యొక్క' అని అర్థం. దాని తర్వాత ఇంకొక అక్షరం సగం మాత్రం ఉంది.

వెనకవైపు, కుర్చీలో కుడికి తిరిగి కూర్చున్న స్త్రీ. ఆమె కుడిచేతిలో పొడుగాటి దండం పైకొస కనిపిస్తుంది. ఎడమచెయ్యి మోచేతి దాకానే ఉంది. అంచున ఒకచోట 'టి, ఐ, ఎఫ్', మరొకచోట 'ఎమ్, ఏ' అనే అక్షరాలు ఆనుతున్నాయి. 'పొంటిఫ్ మాక్సిమ్' అనే రాతకు అవి శేషాలు. పొంటిఫెక్స్ మాక్సిమస్ అంటే రోము ప్రధాన పురోహితుడు. అగస్టస్ ఆ పదవిని క్రీ.పూ. 12లో తీసుకున్నాడు. అతని వారసుడు టైబీరియస్ క్రీ.శ. 15లో తీసుకున్నాడు.

మరి ఈ నాణెం ఎవరిది? కూర్చున్న స్త్రీ బొమ్మ, ప్రధాన పురోహితుడన్న రాత - ఈ రెండూ చూసి తేల్చడానికి వీల్లేదు. అగస్టస్ తన చివరి రోజుల్లో, క్రీ.శ. 13-14లో, లుగ్డునం టంకశాలలో, అంటే ఇప్పటి ఫ్రాన్సులోని లియోన్‌లో, ఈ నమూనాతో నాణేలు వేయించాడు. టైబీరియస్ 14లో గద్దెనెక్కి అదే నమూనాను నిలుపుకున్నాడు. 37లో చనిపోయేదాకా అతని వెండి నాణేల్లో అత్యధిక భాగం ఈ రకానివే. కనుక తేడా ముందువైపు రాతలోనే పట్టుకోవాలి. అగస్టస్ నాణెం మీద 'సీజర్ అగస్టస్ డివి ఎఫ్ పాటర్ పాట్రియే' అని ఉంటుంది. దేవుడైనవాడి కొడుకు, దేశపిత అగస్టస్ సీజర్ అని అర్థం. టైబీరియస్ నాణెం మీద 'టి సీజర్ డివి అగ్ ఎఫ్ అగస్టస్' అని ఉంటుంది. దేవుడైన అగస్టస్ కొడుకు టైబీరియస్ సీజర్ అగస్టస్ అని అర్థం. రెండింటిలోనూ 'డివి' ఉంది. మొదటిదానిలో 'డివి' తర్వాత వెంటనే 'ఎఫ్' వస్తుంది. రెండోదానిలో 'ఏ' వస్తుంది. 'ఎఫ్'లో ఏటవాలు గీత ఉండదు. మన నాణెం మీద మిగిలిన సగం అక్షరంలో ఉన్నది ఏటవాలు గీత ఒక్కటే. అంటే ఇది టైబీరియస్ నాణెం. నా నాలుగు మాటల్లో మొదటిది తప్పు.

అగస్టస్ అయితేనేం, టైబీరియస్ అయితేనేం, ఇద్దరూ చక్రవర్తులే కదా అనవచ్చు. నేను కూడా మొదట అలాగే సమాధానపడబోయాను. కాని ఆ ఒక్క అక్షరంలో చాలా చరిత్ర ఉంది. జూలియస్ సీజర్ క్రీ.పూ. 44లో హత్యకు గురయ్యాడు. రెండేళ్ళ తర్వాత సెనేట్ అతన్ని దేవుడిగా ప్రకటించింది. అతని దత్తపుత్రుడు, తర్వాత అగస్టస్ అయినవాడు, దైవపుత్రుడయ్యాడు. క్రీ.శ. 14లో అగస్టస్ పోయాక సెనేట్ అతన్నీ దేవుణ్ణి చేసింది. టైబీరియస్ అతని కన్నకొడుకు కాడు. అతని భార్య లివియాకు మొదటి భర్త వల్ల పుట్టినవాడు. అగస్టస్ వారసులుగా పెంచింది తన కూతురి కొడుకులు గైయస్, లూసియస్‌లను. వాళ్ళిద్దరూ డాళ్ళూ ఈటెలూ పట్టుకుని నిలబడ్డ బొమ్మతో నాణేలు కూడా వేయించాడు. లూసియస్ క్రీ.శ. 2లో, గైయస్ 4లో చనిపోయాక, అదే ఏడు టైబీరియస్‌ను దత్తత తీసుకున్నాడు. 'కొడుకు' అని చెప్పే ఆ 'ఎఫ్' వెనక రెండు చావులూ ఒక దత్తతా ఉన్నాయి. నాణెం మాత్రం దేవుడి నుంచి కొడుకుకు సరాసరి గీత గీస్తుంది. చంద్రుడి నుంచి రాజు దాకా తెగని వంశక్రమం చెప్పే మన శాసన ప్రశస్తులను, కావ్యావతారికలను చదివినవాళ్ళకు ఈ గీత తెలిసిందే.

ఇక్కడ మరొక సంగతి ఉంది. క్రీ.శ. 25లో స్పెయిను నుంచి కొందరు ప్రతినిధులు వచ్చి టైబీరియస్‌కూ అతని తల్లికీ గుడి కట్టుకుంటామని అడిగారు. తాను మర్త్యుణ్ణనీ, మనుషులు చెయ్యవలసిన పనులే తాను చేస్తున్నాననీ చెప్పి అతను వద్దన్నాడని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. నాణెం మీది రాత మాత్రం మారలేదు. పాలకుడు సెనేట్‌లో అన్న మాటా, రాజ్యం లోహం మీద అచ్చువేసిన మాటా ఒకటి కానక్కర్లేదు. టైబీరియస్‌ను ఒట్టి దైవాహంకారిగా చిత్రిస్తే మన పని సులువవుతుంది గాని, రాజ్యం మాట్లాడే తీరు అర్థం కాదు.

ఇక రెండో మాట, శాంతిదేవత సంగతి. ఆ స్త్రీని శాంతి అని కొందరూ, శాంతి రూపంలో ఉన్న లివియా అని కొందరూ అంటారు. నాణెం మీద ఆమె పేరు లేదు. పేరు రాసే ఆచారం లేక కాదు. టైబీరియస్ పాలనలోనే, 22-23 ప్రాంతంలో రోములో వేసిన చిల్లర నాణేల మీద న్యాయం, ఆరోగ్యం, భక్తి అనే భావాల పేర్లు స్త్రీ ముఖాల కింద రాసి ఉన్నాయి. వెండి నాణెం మీద మాత్రం పేరు పెట్టకుండా వదిలేశారు. చూసినవాళ్ళు రాజమాతనే అనుకుంటారో, దేవతనే అనుకుంటారో, రెండూ ఒకటే అనుకుంటారో వాళ్ళ ఇష్టం. ఈ అస్పష్టత కూడా అర్థంలో భాగమే. చెక్కుచెదరని నాణేల మీద ఆమె ఎడమచేతిలో కొమ్మ ఉంటుందన్నది నిజం. కనుక ఈ నాణెం మీద కూడా ఒకప్పుడు ఉండే ఉంటుందని చెప్పవచ్చు. 'ఉండే ఉంటుంది' అనడానికీ 'ఇదిగో చూడండి' అనడానికీ తేడా ఉంది. సభలో నేను రెండోదే అన్నాను.

మూడో మాట, చెంప మీది గాటు. దీన్ని వదులుకోవడం నాకు అన్నిటికంటే కష్టమైంది. సామ్రాజ్యం ముఖం మీద అనామకుడొకడు ఉలి పెట్టాడన్న ఊహ ఎవరికి రుచించదు? పైగా దానికి ఆధారం బొత్తిగా లేకపోలేదు. తమిళనాడులోని పుదుక్కోట్టై దగ్గర 1898లో 501 రోమన్ బంగారు నాణేల నిధి బయటపడింది. వాటిలో నూటికి తొంభైకి పైగా నాణేల మీద చక్రవర్తి తలకు అడ్డంగా గంటు ఉంది. ఎందుకు కొట్టారన్న దాని మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఇది ఇక నాణెం కాదు, ఒట్టి లోహమే అని చెప్పడానికి కొట్టారని కొందరూ, పరాయి రాజు ముఖాన్ని రద్దు చెయ్యడానికని కొందరూ అన్నారు. ఐతే అక్కడ వాదించడానికి వందల నాణేలున్నాయి. ఒకే చోట, ఒకే తీరున దెబ్బ మళ్ళీ మళ్ళీ పడింది. మన చేతిలో ఉన్నది ఒక్క నాణెం, ఒక్క గాటు. వెండి పూతపూసిన రాగి నాణేలు ఆ రోజుల్లోనే దొంగతనంగా తయారయ్యేవి. లోపల రాగి ఉందేమో చూడడానికి గాటు పెట్టడం, చిన్న ముద్ర కొట్టడం రోమన్ ప్రపంచంలోని షరాబులకూ అలవాటే. కనుక ఆ గాటు లియోన్‌లో పడి ఉండవచ్చు, అలెగ్జాండ్రియాలో పడి ఉండవచ్చు, మన తీరంలో పడి ఉండవచ్చు. అది కోపంతో పెట్టిందా, వెండి మంచిదో కాదో తేల్చుకోవడానికి పెట్టిందా అన్నది ఒక్క గాటు చెప్పదు. ఒకే కవి రాసిన ఒకే పద్యంలోని ఒకే మాటను పట్టుకుని యుగస్వభావం తేల్చే విమర్శకులం మనం ఈ తేడా గమనించడం అవసరం.

నాలుగో మాట, అరుగుదల. నాణెం తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మాస్టారిని అడిగాను: "ఇది మీ ఇంటికొచ్చేటప్పటికే ఇలా అరిగి ఉందా, మాస్టారూ?" ఆయన నవ్వి, "మా అమ్మ దీన్ని దేవుడి గూట్లో పెట్టుకునేదయ్యా. పండగ పండక్కీ కుందులతోబాటు చింతపండు పెట్టి తోమి, విభూదితో రుద్దేది. నలభై ఏళ్ళు తోమింది" అన్నారు. వేలాది శ్రమజీవుల చేతులని నేను చెప్పిన అరుగుదలలో ఎంత భాగం ఆ తల్లి చేతిదో ఎవరు చెప్పగలరు? ఆమె చేతులు కూడా శ్రమజీవి చేతులే. కాని నేను చెప్పిన కథ వేరు.

నాలుగు మాటల్లో ఒకటి తప్పు, మూడు నిరాధారం. ఇదంతా ఒక సాహితీ మిత్రుడితో చెబితే ఆయన చిరాకు పడ్డాడు. "ఇట్లా అక్షరం అక్షరం తడుముకుంటూ కూచుంటే అసలు విషయం మరిచిపోతాం. అది పాలకవర్గం నాణెం. దాని వెనక బానిసల నెత్తురుంది. ఆ మాట చెప్పడానికి భూతద్దం ఎందుకు?" అన్నాడు. ఈ ఆక్షేపణను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. అతిజాగ్రత్త పేరుతో చరిత్రలోని దోపిడీని మాటుచేసే పండితులు ఉన్నమాట నిజమే. ఐతే నాకు జరిగింది వేరు. అగస్టస్ అన్న తప్పు సరిదిద్దుకున్నాకే ఈ నాణెం అసలు కథ నాకు తెలిసింది.

టైబీరియస్ గద్దెనెక్కిన క్రీ.శ. 14లోనే డాన్యూబ్ నది దాపున ఉన్న పనోనియా రాష్ట్రంలో మూడు లీజియన్ల సైనికులు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటుకు గొంతునిచ్చినవాడు పెర్కెనియస్ అనే మామూలు సిపాయి. సైన్యంలో చేరకముందు నాటకశాలల్లో చప్పట్లు కొట్టే ముఠాలకు నాయకుడట. టాసిటస్ అతని ఉపన్యాసాన్ని వివరంగా రాశాడు. ముప్ఫై నలభై ఏళ్ళు కొలువు చేసి ముసలివాళ్ళమై, గాయాలతో ఒళ్ళు తూట్లు పడ్డా మమ్మల్ని విడిచిపెట్టడం లేదన్నాడు. మా ఒంటికీ ప్రాణానికీ రోజుకు పది ఆస్‌లు వెల కట్టారన్నాడు. బట్టలకూ ఆయుధాలకూ గుడారాలకూ అందులోంచే కోసుకుంటున్నారన్నాడు. పదహారేళ్ళ కొలువూ, రోజుకు ఒక డెనారియస్ జీతమూ కావాలన్నాడు.

డెనారియస్ అంటే మన చేతిలో ఉన్న ఈ నాణెమే. పదహారు ఆస్‌లు ఒక డెనారియస్. రోజుకు పది ఆస్‌లంటే ఏడాదికి 225 డెనారియస్‌లు. తెలుగు బైబిలులో 'దేనారము' అనే మాటను మనం చూసే ఉంటాం. ద్రాక్షతోట కూలీల ఉపమానంలో ఒక రోజు కూలి అదే. కైసరుకు పన్ను కట్టవచ్చునా అని అడిగినవాళ్ళతో ఏసు తెప్పించి చూపిన నాణెమూ దేనారమే. దాని మీది బొమ్మా రాతా ఎవరివని ఆయన అడిగాడు. ఆ నాణెం టైబీరియస్ వేయించిన ఈ రకానిదేనని చాలాకాలంగా ఒక సంప్రదాయం ఉంది. సువార్తల్లో మాత్రం ఏ కైసరో పేరు లేదు. ఏమైనా, తన ప్రాణానికి వెలగా రోజుకు ఒక్కటి అడిగిన నాణెం ఇది. పెర్కెనియస్‌కు అదీ దక్కలేదు. టైబీరియస్ తన కొడుకు డ్రూసస్‌ను పంపాడు. ఆ రాత్రి చంద్రగ్రహణం పట్టి సైనికులు బెదిరిపోయారు. డ్రూసస్ పెర్కెనియస్‌నూ, అతని తోటివాడు విబులేనస్‌నూ పిలిపించి చంపించాడు. జీతం 225 నుంచి 300 కావడానికి దాదాపు డెబ్బై ఏళ్ళు పట్టింది. డొమిషియన్ కాలంలో గాని అది జరగలేదు. ఆ 300 కూడా రోజుకొక డెనారియస్ కంటే తక్కువే.

టాసిటస్‌కు పెర్కెనియస్ అంటే ఏవగింపు. సైనికులకు కొత్తగా వచ్చిన కష్టమేమీ లేదనీ, చక్రవర్తి మారడంతో అల్లరికి అవకాశం దొరికిందనీ ముందే చెప్పి, ఆ తర్వాతే అతని చేత మాట్లాడించాడు. ఎరిక్ ఔయర్‌బాఖ్ నాజీల పాలనలో ఉద్యోగం పోగొట్టుకుని, యుద్ధకాలంలో ఇస్తాంబుల్‌లో కూర్చుని రాసి 1946లో ప్రచురించిన 'మిమెసిస్'లో ఈ ఘట్టాన్ని పరిశీలించాడు. ఆ ఉపన్యాసంలోని శైలి పూర్తిగా టాసిటస్‌దేననీ, సిపాయి కష్టాల మీద అతనికి ఆసక్తి లేదనీ చూపించాడు. 1992లో ఫ్రెంచి తాత్వికుడు జాక్ రాన్సియేర్ దీన్ని తిరగేసి చూశాడు. అంత చక్కని వాదనను తిరుగుబాటుదారు నోట పెట్టడం వల్ల, తనకిష్టం లేకుండానే, తర్వాతి తిరుగుబాటుదారులకు టాసిటస్ ఒక భాషను ఇచ్చాడని ఆయన అభిప్రాయం. ఈ ఇద్దరిలో ఎవరితో ఏకీభవించినా మనం ఒక విషయం గమనించాలి. ఇద్దరూ టాసిటస్ రాసిన వాక్యాల మీదే నిలబడి వాదించారు.

బానిసల నెత్తురన్న మాటకు కూడా ఇలాంటి గట్టి నేల ఉంది. స్పెయినులోని న్యూ కార్తేజ్ దగ్గరి వెండి గనుల్లో 40,000 మంది పనిచేసేవారనీ, రోము ప్రజాధనానికి రోజుకు 25,000 ద్రాక్మాల రాబడి ఉండేదనీ క్రీ.పూ. రెండో శతాబ్దంలో పోలిబియస్ చెప్పినట్టు స్ట్రాబో ఉదహరించాడు. ఆ గనుల్లోని బానిసలకు బతుకు కంటే చావే మేలనిపించేదని డియోడోరస్ రాశాడు. సీసం కలిసిన ఖనిజాన్ని కాల్చి వెండి తీసేటప్పుడు లేచిన పొగ గాలిలో ఉత్తరానికి పోయి గ్రీన్లాండ్ మంచులో పొరలు పొరలుగా దిగింది. 2018లో శాస్త్రజ్ఞులు ఆ మంచును ఏడాది వారీగా పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. అంతర్యుద్ధాల కాలంలో సీసం తగ్గింది. 'రోమన్ శాంతి' అని పేరుపొందిన మొదటి రెండు శతాబ్దాల్లో పెరిగింది. రెండో శతాబ్దం చివర మహామారి తర్వాత పడిపోయింది. శాంతికొమ్మ చాటున చెమట ఉందని నేను సభలో ఊరికే అన్నాను. శాంతికాలంలో గనుల పని పెరిగిందన్న సంగతిని మంచు పొరలు లెక్కతో సహా చెబుతున్నాయి. నా అలంకారం కంటే ఆ లెక్క ఎంతో బలమైనది.

ఇక మన గడ్డకూ దీనికీ ఉన్న సంబంధం గురించి. తెలంగాణలోని నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన నిధిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు పదిహేను వందలకు పైగా ఉన్నాయి. క్రీ.శ. 22లో టైబీరియస్ సెనేట్‌కు రాసిన లేఖలో, ఆడవాళ్ళ రత్నాల కోసం మన డబ్బు పరాయి జాతులకు పోతున్నదని వాపోయాడు. ఏటా ఐదుకోట్ల సెస్టర్స్‌లు, అంటే కోటీ పాతిక లక్షల డెనారియస్‌లు, ఇండియా లాగేస్తున్నదని ప్లీనీ రాశాడు. ప్లీనీ విలాసాలను తిట్టే నీతిబోధకుడు కూడా కనుక ఆ అంకెను జాగ్రత్తగానే తీసుకోవాలి. 64లో నీరో డెనారియస్ బరువును పౌనుకు 84 నుంచి 96కు కుదించి, వెండి పాలు కూడా తగ్గించాడు. అంతకుముందువి మంచి వెండి కావడం వల్లనే మన నిధుల్లో ఈ పాత చక్రవర్తుల నాణేలు ఎక్కువగా ఉన్నాయని చాలామంది పరిశోధకుల వాదన. మసాలియా సీమలో సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని ఎర్రసముద్రపు నావికుల కోసం రాసిన గ్రీకు గ్రంథం పెరిప్లస్ చెబుతుంది. మసాలియా అంటే మన కృష్ణా ముఖద్వారపు తీరమే.

ఇక్కడ మళ్ళీ నోరూరుతుంది. ఆ బట్ట నేసిన చేతికి ఈ నాణెం వచ్చిందని రాయాలనిపిస్తుంది. కాని శాతవాహనుల కాలంలో ఇక్కడ నిత్యం చెలామణీ అయినవి ఎక్కువగా సీసం, రాగి, పోటీన్ నాణేలు. వందల సంఖ్యలో ఒక్కచోట పూడ్చిన రోమన్ వెండి సంపన్నుడి నిల్వలా కనబడుతుంది గాని సాలెవాడి కూలిలా కనబడదు. సామాన్యుల దగ్గరికి ఈ బొమ్మ మరొక దారిలో చేరి ఉండవచ్చు. కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేల నమూనాలో మట్టితో చేసిన, మెడలో వేసుకునే బిళ్ళలు దొరికాయి. వెండి కొనలేని మనిషి కూడా దైవపుత్రుడి ముఖాన్ని, అతనెవరో తెలియకుండానే, అందం కోసం మెడలో కట్టుకుని ఉంటాడు. మాస్టారి తల్లి దేవుడి గూట్లో పెట్టుకున్నట్టే. పాలకుడు అచ్చువేసిన అర్థం గమ్యం చేరేసరికి అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. సాహిత్యం చదివేవాళ్ళకు ఇది చాలా పనికొచ్చే సంగతి.

శాసనాలను పరిష్కరించేవాళ్ళు ఒక మర్యాద పాటిస్తారు. స్పష్టంగా కనిపించిన అక్షరాన్ని మామూలుగా రాస్తారు. సందేహమున్నదాన్ని కుండలీకరణంలో పెడతారు. పూర్తిగా చెరిగిన చోట చుక్కలు పెడతారు. ఆ చుక్కల్లో ఏముండి ఉంటుందో తమ ఊహను కింద విడిగా చెబుతారు. మన సాహిత్య విమర్శలో ఈ మర్యాద తక్కువ. చెరిగిన చోట మన నినాదాన్ని చెక్కి, అది మొదటినుంచీ అక్కడే ఉన్నట్టు చూపిస్తాం. మన నినాదం సరైనదే కావచ్చు. కాని కిటికీ దగ్గర నిలబడి చూసే విద్యార్థికి అక్కడ కొమ్మ కనబడనప్పుడు, ఆ సరైన మాట మీద కూడా నమ్మకం పోతుంది. నిజంగా ఉన్న పెర్కెనియస్‌ను కూడా అప్పుడు నమ్మరు.

నాణెం తిరిగి ఇస్తూ మాస్టారి డబ్బాలో ఒక చీటీ పెట్టాను. మరుసటి వారం కాలేజీకి వెళ్ళి అదే చీటీ ఆ అమ్మాయికీ చూపించాను. అందులో రాసింది ఇది:

"వెండి డెనారియస్. టైబీరియస్ కాలం, క్రీ.శ. 14-37. ముందు: కుడికి తిరిగిన తల; . . . డివి (ఏ) . . . ; చెంప మీద గాటు, కారణం తెలియదు. వెనక: కూర్చున్న స్త్రీ, కుడిచేత దండం; . . . టిఫ్ మా . . . ఎడమచేతిలో . . . దొరికిన చోటు తెలియదు. ఈ ఇంట్లో నలభై ఏళ్ళు పూజలో ఉంది."

ఆ అమ్మాయి చీటీ చదివి, ఎడమచెయ్యి దగ్గరున్న చుక్కల మీద వేలు పెట్టి, "ఇక్కడ కొమ్మ ఉండేదని వేరే నాణేల వల్ల తెలుస్తుంది కదండీ, అది కూడా కింద రాయండి" అంది. రాశాను.